చిల్లు లేని పెట్టె

సోమవారం పొద్దున పెట్టె మొదటిసారి సరిగ్గా మాట్లాడింది.

కారా-బెల్ ఉపాధ్యాయ కళాశాలలో, కింది అంతస్తు చివరి గదిలో, రెండు బల్లలు కలిపి వాటి మీద పెట్టారు దాన్ని. పొడుగాటి మనిషి కాళ్ళు చాపుకుని పడుకుంటే పట్టేంత చెక్క పెట్టె. లోపలంతా పొయ్యి మసి కలిపిన నల్లరంగు. మూత అంచుల వెంబడి నల్ల ఉన్ని పట్టీలు. ఒక కొసన ఆకుపచ్చ గాజు వెనక టార్చిలైటు బల్బు, వెలుగుతోందో లేదో తెలియనంత మందంగా. మధ్యలో మసి పట్టించిన గాజు పలక, దాని మీద బ్లేడుతో గీసిన రెండు సన్నటి చీలికలు. అవతలి కొసన ఇత్తడి గొట్టంలో ఒక గాజు ట్యూబు. చీలికలు దాటి వచ్చిన వెలుతురు రవ్వ ఒక్కటి దాని మీద పడితే చాలు, బల్ల మీది స్పీకరు ‘చిట్’ మంటుంది.

ఉల్కాన్ మోకాళ్ళ మీద కూర్చుని పెట్టె పక్కనున్న, ట్యూబుని అటూ ఇటూ జరిపే స్క్రూని గోరంత తిప్పి ఆగింది. చెవి స్పీకరు వైపుంది, కళ్ళు మూసుకుంది.

“ఇప్పుడు ఒక్క చీలికే తెరిచుంది ఎజె. వినండి.”

చిట్. చిట్ చిట్. చిట్. వాన మొదలయ్యేటప్పుడు రేకు మీద పడే చినుకుల్లా ఉంది. కుర్చీ అంచున కూర్చున్న బురుల్ తల ఊపింది. ఆవిడ ఆ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతుంది. ఊళ్ళో ఆడపిల్లలంతా పిలిచినట్టే ఉల్కానూ ఆవిణ్ణి ఎజె అనే పిలుస్తుంది, అక్కా అని.

“ఇప్పుడు రెండోది కూడా తెరుస్తున్నాను.”

ఉల్కాన్ పెట్టెలోంచి బయటికి వచ్చిన తీగని వేలితో లాగింది. లోపల చిన్న రేకు పక్కకి తప్పుకుంది. చినుకులు ఆగిపోయాయి. చాలాసేపటికి ఒక్క చిట్. మళ్ళీ ఏమీ లేదు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“మళ్ళీ చెయ్యి,” అంది బురుల్.

మళ్ళీ చేసింది. ఒక చీలిక మూస్తే చినుకులు, రెండూ తెరిస్తే నిశ్శబ్దం. వెలుతురికి వెలుతురు తోడైతే చీకటి పడుతోంది. పాఠంలో ఏళ్ళ తరబడి చెప్పిన సంగతే అది. నల్లబల్ల మీద అలలు గీసి, ఇక్కడ ఎత్తూ అక్కడ పల్లమూ కలిస్తే చెల్లుకు చెల్లు అని చెప్పిందే. అయినా చెవులతో వినేసరికి బురుల్ చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

“ఇంటికి రెండో తలుపు తెరిస్తే చలి ఇంకా ఎక్కువ రావాలి కదా ఎజె, ఇదేంటి తక్కువొస్తోంది?” ఉల్కాన్ నవ్వుతోంది. “మా నాన్నకి చెప్పాననుకోండి, తలకి దెబ్బేమైనా తగిలిందా అని అడుగుతాడు.”

“మీ నాన్న గొర్రెల ఉన్నే కదా వెలుతుర్ని ఆపింది. వాటికి చెప్పు ముందు.”

“వాటికి తెలుసు. అందుకే అంత పొగరు.”

శుక్రవారం రాజధాని నుంచి ప్రొఫెసర్ ఖేగాయ్ వస్తున్నారు. విద్యార్థులు చేసిన పనులు చూసి, ఒక్కరిని తన ప్రయోగశాలకి తీసుకువెళతారు. ఈ ఏడాది తర్వాత ఉల్కాన్ వాళ్ళ ఊరి బడికి పంతులమ్మగా పోవాల్సిన పిల్ల. ఆ బడిలో స్క్రూడ్రైవరు కూడా లేదు.

“స్పీకరు వింటే ఆవిడకి సరిపోదు,” అంది బురుల్. “స్క్రూ జరుపుతూ ఒక్కో చోట ఎన్ని రవ్వలు పడ్డాయో అంకెలు కావాలి. ఎక్కువా, తక్కువా, మళ్ళీ ఎక్కువా. ఆ వంపు గీసి చూపించాలి.”

“ఇప్పుడే మొదలుపెడతాను. మొదటి చోటుకి గంట పడుతుంది. అది లెక్కపెట్టుకుంటూ ఉంటే ఈలోగా హాస్టలుకెళ్ళి తినొస్తాను.”

బల్ల కింద ఉన్న ఇనపడబ్బా ట్యూబుకి పెద్ద వోల్టేజి ఇస్తుంది. దాని ఎర్రదీపం వెలుగుతూ ఉండగా మూత తియ్యకూడదు. అంత సున్నితమైన కన్ను, అంత మెలకువగా ఉన్నప్పుడు, పగటి వెలుతురు ఒక్కసారి మీద పడితే తట్టుకోలేదు. ఉల్కాన్ మూత మీద సుద్దతో పెద్ద అక్షరాల్లో రాసి పెట్టింది: ఎర్రదీపం వెలుగుతుంటే తియ్యొద్దు. లెక్క యంత్రం మీట నొక్కి, కోటు తగిలించుకుని, గుమ్మంలో ఒక్కసారి వెనక్కి చూసి వెళ్ళింది. పసిబిడ్డని నిద్రపుచ్చి పొయ్యి దగ్గరికి వెళ్ళే తల్లి చూపు అది.

బురుల్ కాసేపు అక్కడే కూర్చుంది. తర్వాత కెటిల్ తీసుకుని వసారా చివర వేడినీళ్ళకి వెళ్ళింది. తిరిగి వస్తుండగా గదిలోంచి మగ గొంతులు వినిపించాయి. కళాశాలలో అంతా అగాయ్ అని, మాస్టారూ అని పిలిచే ఉపాధ్యక్షుడు రిస్‌పెక్, ఆయన వెంట జిల్లా నుంచి వచ్చిన ఇద్దరు అతిథులు. వాళ్ళు కారెక్కబోతుంటే, ‘మా పిల్లలు వెలుతుర్ని రవ్వలుగా లెక్కపెడుతున్నారు, చూసి పోండి’ అని వెనక్కి తీసుకొచ్చాడు.

“అగాయ్, ఆగండి—” అంది బురుల్. కెటిల్ మూత ఎగిరి కింద పడింది.

అప్పటికే ఆయన రెండు చేతులతో పెట్టె మూత ఎత్తాడు. కిటికీలోంచి మంచు మీది తెల్లటి ఎండ నేరుగా లోపల పడింది. స్పీకరు కెవ్వుమంది. చిటపటలన్నీ ఒకే అరుపై, ఆ అరుపు సన్నబడి, తర్వాత ఏమీ లేకుండా పోయింది. అతిథుల్లో ఒకాయన చెవులు మూసుకున్నాడు.

బురుల్ పరుగెత్తి డబ్బా మీట కిందికి కొట్టింది. ఎర్రదీపం ఆరింది. రిస్‌పెక్ ఇంకా మూత పట్టుకునే ఉన్నాడు.

“ఏంటి చెల్లెమ్మా, లోపల దయ్యాన్ని పెట్టారా?”

అతిథులు నవ్వారు. ఆయనా నవ్వి మూత దించాడు, వంకరగా. బురుల్ దాన్ని సరిచేసింది.

వాళ్ళని కారెక్కించి ఆయన ఒక్కడే వెనక్కి వచ్చాడు. అప్పటికి బురుల్ మళ్ళీ వోల్టేజి ఇచ్చి, బల్బు ఆర్పేసి వింటోంది. బల్బు లేదు, వెలుతురు లేదు. అయినా స్పీకరు బాణలిలో కొవ్వు కాగుతున్నట్టు సుయ్యిమని ఒకటే మోత.

“చెడిందా?” అన్నాడు.

“చెడినట్టే ఉంది అగాయ్.”

“అదెలా? వెలుతుర్ని చూడ్డానికే కదా దాన్ని పెట్టింది? చూసింది. చూస్తే చెడడమేంటి?”

ఆయన నిజంగానే అడుగుతున్నాడు. చలికాలంలో ఈ గదికి బొగ్గు ఇప్పించింది ఆయనే. కంప్యూటర్లకి కావాలని మిగతా వాళ్ళు అడిగితే ఈ గదిని వీళ్ళకే అట్టిపెట్టిందీ ఆయనే. బురుల్ సుద్ద అక్షరాల వైపు చూసింది.

“అది పిల్లల కోసం రాసింది కదా అనుకున్నాను,” అన్నాడాయన, చూపు అర్థమై. తర్వాత గొంతు తగ్గించాడు. “చూడమ్మా. ఈ ట్యూబు నా సంతకం మీద తెచ్చింది. కొండమీది పరిశోధన కేంద్రం మూసేసినప్పుడు నేనే వెళ్ళి ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను, నీకు గుర్తే. ఇప్పుడు నేనే పాడుచేశానంటే ఎలా ఉంటుంది? పాతది, దానంతటదే పోయింది. పోదా ఏం, పాతవి? ఈ వారంలో లెక్కల్లోంచి తీయించేస్తాను. అప్పటిదాకా ఎవరితోనూ అనకు. ఆ పిల్లతో కూడా. వయసులో ఉన్నవాళ్ళ నోట్లో మాట ఆగదు.”

బురుల్ అవుననలేదు. నేల మీద ఒలికిన నీళ్ళు తుడవడానికి వంగింది. వంగిన తలని ఆయన ఒప్పుకోలు అనుకున్నాడు. భుజం తట్టి వెళ్ళిపోయాడు.

కాసేపటికి ఉల్కాన్ వచ్చింది. చలికి బుగ్గలు కందిపోయి ఉన్నాయి, చేతిలో బురుల్ కోసం గుడ్డలో చుట్టిన రొట్టె. గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఇదేం చప్పుడు ఎజె?”

“తెలీదు. వచ్చేసరికి ఇలా ఉంది.”

ఉల్కాన్ రొట్టె బల్ల మీద పెట్టింది. మీటలు చూసింది, బల్బు చూసింది, మూత నాలుగు వైపులా తడిమింది. ఒక మూలన ఉన్ని పట్టీ కొంచెం మడతపడి ఉంది.

“ఎజె, ఎవరైనా మూత తీశారా?”

“తీస్తే నాకు తెలియదా?” అంది బురుల్.

మాట నోటినుంచి వచ్చాక అది అబద్ధమో కాదో ఆవిడకే తెలియలేదు. ఉల్కాన్ మాత్రం తల ఊపింది. మడతపడిన పట్టీని వేలితో సాగదీసి, “అయితే ఇక్కడే. ఇక్కణ్ణించే లోపలికొస్తోంది,” అంది. “నేనే అంటించాను ఈ మూల. తొందరపడ్డాను.”

*

మంగళవారమంతా ఉల్కాన్ చిల్లు వెతికింది.

గది కిటికీకి దుప్పటి కట్టింది. టార్చిలైటు తీసుకుని మూత అంచు వెంబడి గోరంత గోరంత జరిపింది. వెలుతురు చిల్లు దగ్గరికి రాగానే స్పీకరు మోత పెరగాలి. మోత ఎలాగూ ఒకటే హోరుగా ఉంది, అందులో పెరిగిందో తగ్గిందో ఎవరికి తెలుస్తుంది? ఆమెకి మాత్రం తెలిసినట్టే ఉండేది. “ఇక్కడ! విన్నారా?” అనేది. బురుల్ “ఏమో, నాకు వినపడలేదు,” అనేది. “నాకు వినపడింది,” అని అక్కడ సుద్దతో చుక్క పెట్టేది. మధ్యాహ్నానికి పెట్టె అమ్మవారు పోసిన పిల్ల మొహంలా చుక్కలతో నిండింది.

తర్వాత డబ్బా మీట కట్టేసి, దుప్పటి తీసేసి, మూత ఎత్తి గోడకి ఆనించింది. వెలుతురు లేకపోతే జిగురు పని జరగదు. చుక్క పెట్టిన చోటల్లా పట్టీ పీకి, పాత జిగురు కత్తితో గీకి, కొత్త పట్టీ అంటించసాగింది. జిగురు స్టవ్వు మీద ఉడుకుతోంది, ఎముకల వాసన గదంతా. ట్యూబు ఇత్తడి గొట్టంలోంచి గాజుకన్నుతో కిటికీ వైపు చూస్తోంది.

“దానికి గుడ్డ కప్పమంటారా ఎజె?”

“వోల్టేజి లేదుగా. నిద్రపోతున్నట్టే. ఏం కాదు,” అంది బురుల్. పుస్తకంలో అలాగే ఉంది. వోల్టేజి లేనప్పుడు వెలుతురు దాన్ని చంపదని.

బురుల్ పక్క కుర్చీలో కూర్చుని పరీక్ష కాగితాలు ముందేసుకుంది. ఒక్క కాగితమూ దిద్దలేదు. ఉల్కాన్ వేళ్ళు చూస్తోంది. చూపుడువేలు చివర జిగురుకి కాలి పొక్కింది. దాన్ని నోట్లో పెట్టుకుని చప్పరించి, మళ్ళీ అదే వేలితో పట్టీ నొక్కుతోంది. అలా నొక్కినప్పుడల్లా పెదవి కొరుకుతోంది.

ఇప్పుడు చెప్పాలి అనుకుంది బురుల్. ‘ఉల్కాన్, ఆపు. చిల్లు లేదు.’ అంతే. నాలుగు మాటలు. తర్వాత పిల్ల అడుగుతుంది, మరి నిన్ననే ఎందుకు చెప్పలేదని. ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి బురుల్‌కి దిద్దాల్సిన కాగితాలు గుర్తొచ్చేవి. నిన్న చెప్పి ఉంటే ఒక మాట. ఇవాళ చెబితే నిన్నటిది కూడా చెప్పాలి. గంట గడిచే కొద్దీ చెప్పాల్సింది పెరుగుతోంది.

సాయంత్రం మూత దించి, ఎర్రదీపం వెలిగించి విన్నారు. హోరు. నిన్నటికంటే ఎక్కువేనేమో కూడా.

“ఇంకెక్కడో ఉంది,” అంది ఉల్కాన్. “పక్క చెక్కల అతుకుల్లో ఉందేమో.”

“రేపు చూద్దాం. పోయి పడుకో.”

“ఎజె, నాకు కోపం రావట్లేదు. నేనే చేశాను కాబట్టి నేనే వెతుకుతున్నాను, సరే. కానీ మీరు సోమవారం విన్నారు కదా? నిజంగానే ఆగిపోయింది కదా చప్పుడు, రెండూ తెరిచినప్పుడు? నేను ఊహించుకోలేదు కదా?”

“విన్నాను తల్లీ. నిజంగానే ఆగిపోయింది.”

“అయితే చాలు,” అంది ఉల్కాన్. చేతిగుడ్డతో జిగురు కత్తి తుడిచి పెట్టింది.

బుధవారం వాళ్ళ నాన్న కొండమీద నుంచి వ్యాను డ్రైవరుతో కొత్త ఉన్ని పంపాడు. బొంతంత నల్లటి చాప, ఇంకా గొర్రె వాసన పోలేదు. దాంతోపాటు ఎండు పెరుగు ఉండలు ఒక మూటెడు. డ్రైవరు గది గుమ్మంలో నిలబడి పెట్టెను చూసి, “ఎవరు పోయారమ్మా?” అని అడిగాడు. ఉల్కాన్ పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఆగకుండా, ఆగకుండా, చివరికి ఏడుపు అంచుకి వచ్చి ఆగింది. డ్రైవరు టోపీ సర్దుకుని మెల్లగా జారుకున్నాడు.

ఆ చాపని ఆమె పట్టీలుగా కోయలేదు. పెట్టె మొత్తానికి లోపలి గోడల మీద పరిచి అంటించింది. అందుకని పెట్టె రోజంతా తెరిచే ఉంది.

*

గురువారం పొద్దున్నే బురుల్ రిస్‌పెక్ గదికి వెళ్ళింది. రాత్రంతా మాటలు పేర్చుకుని ఉంది. అగాయ్, ఆ పిల్లకి చెప్పేస్తాను, మీ పేరు రాకుండానే చెబుతాను, నేనే మూత తీశానంటాను.

ఆయన ఫోన్లో ఉన్నాడు. చేత్తో కూర్చోమన్నాడు. రేపటి భోజనాలకి గొర్రెపిల్ల సంగతి మాట్లాడుతున్నాడు. ఫోను పెట్టి, “ప్రొఫెసరు గారు ఎలాంటి మనిషంటావు? గుర్రపు మాంసం తింటారా?” అన్నాడు.

“తెలియదు అగాయ్. నేను వచ్చింది ట్యూబు—”

“ఆ పని అయిపోయింది! నిన్ననే. కాలం చెల్లిన పరికరం అని తీసేశారు. ఇంక నీకూ నాకూ దిగుల్లేదు.” ఆయన మొహం విప్పారింది. సొరుగులోంచి తేనె డబ్బా తీసి ఆవిడ ముందుకి తోశాడు. “మా ఆవిడ పంపింది. నీకు ఈ మధ్య దగ్గు వస్తోందిట కదా.”

“ఆ పిల్ల నాలుగు రోజుల నుంచి—”

“ఆ పిల్లకి ఇంకోటి చేయించు. మిర్లాన్ ఏదో చేశాడు చూశావా? బజారులో దొరికే ఎర్ర లేజరు పెట్టి గోడ మీద గీతలు వేశాడు, ఎంత అందంగా ఉన్నాయి! అదీ ఇదే కదా, రెండు చీలికలదే?”

“అదే. కానీ అందులో వెలుతురు ఎక్కువ. కంటికే కనపడుతుంది. ఈ పిల్లది—”

“కంటికి కనపడితే ఇంకా మంచిది కదమ్మా!”

బురుల్ తేనె డబ్బా చేత్తో పట్టుకుని బయటికి వచ్చింది. ఎందుకు తీసుకున్నానా అని మెట్ల మీద ఆగింది. వెనక్కివ్వడానికి మళ్ళీ పైకి ఎక్కడం ఇంకా వింతగా ఉంటుంది. చేతిలో పట్టుకునే చివరి గదికి నడిచింది.

ఉల్కాన్ పెట్టె లోపలికి నడుము దాకా వంగి ఉంది. బయటికి కాళ్ళు మాత్రమే కనపడుతున్నాయి. ఒక మేజోడుకి చిల్లు.

“ఎజె, వచ్చారా? రాత్రి ఆలోచించాను,” లోపలినుంచి గొంతు బొంగురుగా వచ్చింది. “తప్పు నాదే కావచ్చు, పర్లేదు. ఎక్కడో తెలిస్తే చాలు. తెలియకపోతేనే పిచ్చెక్కుతోంది. రేపు ఆవిడ వచ్చి ఏం చెడిందని అడిగితే ఏం చెప్పను?”

బురుల్ నోరు తెరిచింది. గదిలో ఇంకెవరూ లేరు. తలుపు వేసే ఉంది. చెప్పనివ్వకుండా ఆపడానికి ఏ అడ్డూ లేదు.

“తేనె తెచ్చాను,” అంది. “బయటికి రా. రొట్టెలో వేసుకుని తిను.”

*

శుక్రవారం మధ్యాహ్నానికి ప్రొఫెసర్ ఖేగాయ్ వచ్చారు. పొట్టిగా, నెరిసిన జుట్టు మగవాళ్ళలా కత్తిరించుకుని, కలరా ఉండల వాసన వేసే పాత ఉన్ని కోటులో ఉన్నారు. ముందు మిర్లాన్ గీతలు చూశారు. బాగుందన్నారు. వెంట్రుక అడ్డుపెడితే గీతలు ఎలా మారతాయో అడిగారు. వాడు తడబడకుండా చెప్పాడు. తర్వాత రిస్‌పెక్ ఆవిణ్ణి చివరి గదికి తీసుకువచ్చాడు.

ఉల్కాన్ తెల్లటి చొక్కా వేసుకుని పెట్టె పక్కన నిలబడి ఉంది. జుట్టు గట్టిగా అల్లుకుంది. చెయ్యి వెనక్కి దాచుకుంది, జిగురుకి కాలిన వేళ్ళ కట్లు కనపడకుండా.

“ఇదా!” అన్నారు ఖేగాయ్. కళ్ళద్దాలు పైకి తోసి, వంగి ఇత్తడి గొట్టాన్ని తాకారు. “ఈ కాలం ట్యూబు చూసి ఎన్నాళ్ళయింది! ఎక్కడ దొరికింది? ఒక్కో రవ్వా లెక్కపెట్టారా? రెండు చీలికల గుండా?”

“సోమవారం పనిచేసిందండీ,” అంది ఉల్కాన్. “తర్వాత... ఎక్కడో వెలుతురు లోపలికి వస్తోంది. ఎక్కడో దొరకలేదు. మొత్తం మళ్ళీ కట్టాను. ఇంకా వస్తోంది.”

ఎర్రదీపం వెలిగించింది. స్పీకరు హోరెత్తింది. ఖేగాయ్ తల వంచి విన్నారు.

“ఆ, ఇదా!” రిస్‌పెక్ నవ్వేశాడు. ముందు గదిలో తాగిన టీ, రెండు గ్లాసుల ద్రాక్షసారా, అంతా సవ్యంగా జరుగుతోందన్న సంతోషం ఆయన మొహంలో వెలుగుతున్నాయి. “ప్రొఫెసరు గారూ, దీని కథ నేను చెబుతాను, మీరు నవ్వుకుంటారు. సోమవారం అతిథులొచ్చారు. లోపల ఏముందో చూపిద్దామని ఇలా మూత ఎత్తాను. అంతే! గొంతు కోసిన మేకలా అరిచింది! చెవులు పగిలిపోయాయి. జిల్లావాళ్ళు దడుచుకుని కారెక్కేశారు. అప్పట్నించీ ఈ ఆడవాళ్ళిద్దరూ ఇంట్లో శవం లేచినట్టు దిగులు మొహాలు. నేనంటాను, వెలుతుర్ని చూసే యంత్రం వెలుతురు చూస్తే చెడడమేంటి?”

తనే ముందు నవ్వాడు. ఖేగాయ్ కూడా చిన్నగా నవ్వారు. “చెడదు,” అన్నారు, “కళ్ళు చెదురుతాయి. ఎండలో మంచు చూసి ఇంట్లోకి వస్తే కాసేపు గుడ్డితనం కదా, అలాంటిదే. చీకట్లో పెట్టి వదిలేస్తే మూడు నాలుగు రోజుల్లో కోలుకుంటుంది. మేమంతా ఎప్పుడో ఒకప్పుడు చేసిన పనే.” వేళ్ళు మడిచారు. “సోమవారమా? మరి ఈపాటికి సర్దుకుని ఉండాలే. మధ్యలో మళ్ళీ తెరిచారా?”

ఉల్కాన్ ప్రొఫెసరు వైపు చూస్తూనే ఉంది. రెప్ప వెయ్యలేదు.

“తెరిచాను,” అంది. “రోజూ.”

“వోల్టేజి లేకుండానా?”

“లేకుండానే.”

“లేకపోయినా కోలుకునేటప్పుడు వెలుతురు తగలకూడదు. తగిలిన ప్రతిసారీ మొదటికొస్తుంది. అయినా, మూత తీశారని తెలిసి కూడా చిల్లు ఎందుకు వెతికావమ్మా?” విసుగేమీ లేదు ఆ గొంతులో, నిజంగానే అర్థంకాక అడిగారు. “ఎందుకు చెడిందో ముందు అడగాలి, తర్వాత విప్పాలి.”

స్పీకరు హోరుమంటోంది. ఉల్కాన్ చెయ్యి చాచి డబ్బా మీట కట్టేసింది. గదిలో ఒక్కసారిగా మాటలకి చోటు వచ్చింది.

“తెలివితక్కువ పని,” అంది ఉల్కాన్. మొహం ఎర్రబడింది, అంతే. బురుల్ వైపు చూడనే లేదు.

“అడిగింది,” అంది బురుల్.

అందరూ తిరిగారు. తన గొంతు తనకే పరాయిదానిలా వినిపించింది ఆవిడకి. “సోమవారమే అడిగింది, ఎవరైనా మూత తీశారా అని. నేను ఇక్కడే ఉన్నాను. చూశాను. తనతో చెప్పలేదు. ఈ నాలుగు రోజులూ చెప్పలేదు. తన తప్పు లేదు, ప్రొఫెసరు గారూ. తనకి చేతనవును. సోమవారం పనిచేసింది, నేను విన్నాను.”

“అదేంటమ్మా,” అన్నాడు రిస్‌పెక్. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, ఎక్కడికి పోవాలో తెలియనట్టు. “ఆ పని బుధవారమే అయిపోయింది కదా. ఆ తర్వాత చెబితే నేనేమన్నా వద్దన్నానా?”

నిజమే. వద్దనలేదు.

ఖేగాయ్ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశారు. కళ్ళద్దాలు తీసి కోటు అంచుతో తుడిచారు, చాలాసేపు.

“నమ్ముతున్నాను,” అన్నారు చివరికి. “పెట్టె కట్టిన తీరు చూస్తేనే తెలుస్తోంది. కానీ మా కమిటీ ముందు నేను ఏం పెట్టాలి, బురుల్ తెమిరోవ్నా? మీరు విన్నారని చెప్పనా? అంకెలు కావాలి. ఒక్క వంపు. ఉందా?”

“అప్పుడే మొదలుపెట్టాము,” అంది బురుల్. “మొదటి గంటలోనే...”

ఖేగాయ్ తల ఊపారు. ఉల్కాన్ భుజం మీద చెయ్యి వేశారు. “మూత వేసెయ్యి. ఎవరు అడిగినా తియ్యకు. వారం ఓపిక పట్టు, తర్వాత మెల్లగా విను. వచ్చే ఏడాది మళ్ళీ వస్తాను.”

వచ్చే ఏడాదికి ఉల్కాన్ ఈ ఊళ్ళో ఉండదు. ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఉల్కాన్ కూడా, “సరేనండీ,” అంది.

“మాంసం చల్లారిపోతుంది,” అన్నాడు రిస్‌పెక్, తలుపు పట్టుకుని. వసారాలో వాళ్ళ అడుగులు దూరమయ్యాయి. మెట్ల దగ్గర ఆయన మిర్లాన్ పేరు పిలవడం, ఎవరో చప్పట్లు కొట్టడం వినిపించింది.

ఉల్కాన్ వేళ్ళ కట్లు విప్పింది. మూతని రెండు చేతులతో నెమ్మదిగా దించి, అంచు పొడుగునా బొటనవేలితో నొక్కుకుంటూ ఆ కొస నుంచి ఈ కొసకి వచ్చింది. ఎక్కడా తొందర లేదు. బురుల్ కుర్చీ వీపు పట్టుకుని నిలబడి ఉంది. పిల్ల అరుస్తుందని, ఏడుస్తుందని, ఎందుకిలా చేశారని అడుగుతుందని చూసింది. అడిగితే చెప్పడానికి అన్నీ సిద్ధంగా ఉన్నాయి, గది, బొగ్గు, పాఠాలు, ఆయన మంచితనం. ఒక్కటీ అడగలేదు.

కిటికీకి దుప్పటి కట్టడం అయ్యాక ఉల్కాన్ ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడింది. చెయ్యి చాచింది.

“గది తాళంచెవి నాకివ్వండి, బురుల్ తెమిరోవ్నా.”

తండ్రి పేరు కలిపి ఆవిణ్ణి అలా పిలిచేది ఆఫీసువాళ్ళు, పై ఊళ్ళవాళ్ళు. బురుల్ సంచీలోంచి తాళాల గుత్తి తీసింది. ఉంగరం బిగుసుకుపోయి ఉంది. దాన్ని విడదీయబోతే గోరు చీలింది. మళ్ళీ ప్రయత్నించింది. ఉల్కాన్ సాయం పట్టలేదు, తొందరపెట్టనూ లేదు. చాచిన చెయ్యి అలాగే ఉంచి, తాళంచెవి వచ్చేదాకా నిలబడింది.